కుర్చీ కింద ఏముంది?

ఉగాది సంచికకు ఏదైనా రాయమని మన సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, "నేను మెకానికల్ ఇంజనీరుని గానీ కవిని కాదు కదండీ" అన్నాను. "మీకు బాగా తెలిసిందే రాయండి" అన్నారు. నాకు బాగా తెలిసింది నా నడుము నొప్పి. దానికి కారణం ఒక కుర్చీ. కనుక ఈసారికి కుర్చీ పురాణం చిత్తగించండి. (రాజకీయాల కుర్చీ కాదు, కంగారు పడకండి!)

సౌదీకి వచ్చిన కొత్తలో దమ్మాంలో ఒక ఆఫీసులో చేరాను. మొదటి రోజునే నాకొక నల్లటి లెదరు కుర్చీ చూపించారు. తల దాకా ఎత్తున్న వీపు, మెత్తటి చేతులు, కింద చక్రాలు. దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపితే మా అమ్మ వీధి వీధంతా చూపించిందట. ఆర్నెల్లు తిరక్కుండానే ఎడమ కాలు మడమ దాకా లాగడం మొదలైంది. డాక్టరు గారు డిస్కు అన్నారు. "రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు?" అంటే పది అని చెప్పాను. "ఎలా కూర్చుంటారు?" అంటే జవాబు లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కుర్చీని బోర్లా తిరగేశాను. పంపులూ కంప్రెసర్లూ విప్పి బిగించేవాణ్ణి, ఆర్నెల్లపాటు రోజూ వాడుతున్న యంత్రాన్ని ఒక్కసారీ కింద నుంచి చూడలేదే అని సిగ్గేసింది.

కింద ఉన్నది ఇంతే: ఒక ఇనప రేకు పెట్టె, దానిలో ఒక స్ప్రింగు, ఒక నాబ్, సరిగ్గా మధ్య గొట్టం నెత్తిన ఒకే ఒక ఇరుసు. సీటూ వీపూ ఎల్ ఆకారంలో ఒకే ముక్క. వెనక్కి వాలితే రెండూ కలిసే తిరుగుతాయి. అంటే నడుముకీ తొడలకీ మధ్య కోణం ఏమాత్రం తెరుచుకోదు. మనిషిని ఎల్ లాగా మడిచి, ఆ మడతతోనే వెనక్కి పడేసినట్టన్నమాట! పైగా సీటు ముందు అంచు పైకి లేచి తొడలను నొక్కుతుంది, పాదాలు నేలని వదిలేస్తాయి. పాదాలు గాలిలో ఉంటే ఎవరూ ఎక్కువసేపు వాలి ఉండలేరు. తెలియకుండానే ముందుకు వంగి బల్లని పట్టుకుంటారు. నేను చేసిందీ అదే. వాలే కుర్చీ ఇస్తే, ఆర్నెల్లూ వాలకుండా కూర్చున్నాను.

వాలడం బద్ధకమని మనకి చిన్నప్పుడే నేర్పారు. బళ్ళో జారగిలబడితే మేష్టారి బెత్తం లేచేది. కానీ 1960లలో స్వీడన్ దేశపు ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ మనుషుల నడుము డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. దేనికీ ఆనుకోకుండా కూర్చుంటే, నిలబడినప్పటి కంటే ఒత్తిడి ఎక్కువని తేలింది. వీపు వెనక్కి వాలేకొద్దీ, నడుము వంపు దగ్గర ఊత ఉండేకొద్దీ అది తగ్గుతుందని 1970లలో ఆయన బృందం చూపించింది. 1999లో జర్మనీలోని ఉల్మ్ పరిశోధకులు ఒక మనిషి మీద మళ్ళీ కొలిచి, కూర్చోవడం అనుకున్నంత చెడ్డదేం కాదన్నారు. అయితే కుర్చీలో వెనక్కి జారగిలబడితే ఒత్తిడి బాగా తగ్గుతుందన్న చోట మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

మరి సరిగ్గా వాలే కుర్చీ ఎలా ఉంటుంది? మొదటి చిట్కా ఇరుసుని మధ్య నుంచి ముందుకి, మోకాళ్ళ కిందకి జరపడం. అప్పుడు వాలినా సీటు ముందు అంచు పెద్దగా లేవదు, పాదాలు నేల మీదే ఉంటాయి. రెండోది ఇంకా తెలివైనది. సీటునీ వీపునీ విడదీసి, రెండింటినీ లింకులతో కలుపుతారు. వీపు రెండు డిగ్రీలు వాలితే సీటు ఒక్క డిగ్రీ మాత్రమే వంగుతుంది. దీన్నే సింక్రో మెకానిజం అంటారు. వీపు చట్రం ఒక కడ్డీ, సీటు ఒక కడ్డీ, కింద పెట్టె ఒక కడ్డీ, ముందు వైపు చిన్న లింకు నాలుగోది. మనం కాలేజీలో బట్టీ పట్టిన నాలుగు కడ్డీల లింకేజీయే! జర్మనీలో విల్‌కాన్ సంస్థ 1980లో తెచ్చిన ఎఫ్.ఎస్. కుర్చీలు ఈ దారిలో పేరుపొందినవి.

ఇక్కడే అసలు చిక్కుంది. మనిషి వాలేది తుంటి కీలు దగ్గర. అది సీటుకి మూడు నాలుగు అంగుళాలు పైన, ఒంటి లోపల ఉంటుంది. కుర్చీ కీలేమో సీటు కింద ఉంటుంది. రెండు చక్రాలకి కేంద్రాలు వేరైతే ఏమవుతుంది? వాలినప్పుడు కుర్చీ వీపు మన వీపు మీద రాసుకుంటూ జారుతుంది, ఇన్‌షర్టు పైకి వచ్చేస్తుంది. నడుము ఊత కూడా నడుముని వదిలేసి ఎక్కడికో పోతుంది. ఒంటి లోపల మేకు దిగ్గొట్టి కీలు పెట్టలేం కనుక, లింకులను తగిన కోణాల్లో అమర్చి, కుర్చీ తిరిగే కేంద్రం తుంటి దగ్గరే ఉన్నట్టు చేస్తారు. అక్కడ ఇరుసు ఉండదు, కానీ కుర్చీ దాని చుట్టూనే తిరుగుతుంది. దుకాణంలో దీన్ని పరీక్షించడానికి పరికరాలేం అక్కర్లేదు. ఇన్‌షర్టు సరిగ్గా చేసుకుని నాలుగుసార్లు వాలి లేచి చూసుకోండి.

ఇక స్ప్రింగు సంగతి. 75 కిలోల మనిషిలో తల, చేతులు, మొండెం కలిపి దాదాపు 50 కిలోలు. ఆ బరువు తుంటికి 30 సెంటీమీటర్లు పైన ఉందనుకుంటే, 30 డిగ్రీలు వాలేసరికి అది తుంటికి 15 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. మీటరు కర్ర చివర ఏడున్నర కిలోల సంచీ వేలాడితే కర్ర మొదట్లో ఎంత మెలిక పడుతుందో అంత. 50 కిలోల మనిషికైతే ఆ సంచీలో అయిదు కిలోలు కూడా ఉండవు. ఒకే స్ప్రింగు ఇద్దరికీ ఎలా సరిపోతుంది? అందుకే నాబ్. మన ఆఫీసుల్లో ఎంతమంది దాన్ని తిప్పారో మీకు మీరే ఆలోచించండి. నా కుర్చీది ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉంది!

నాబ్ ఎవరూ తిప్పరని గ్రహించిన డిజైనర్ నీల్స్ డిఫ్రియంట్. 1999లో హ్యూమన్‌స్కేల్ కంపెనీకి ఆయన చేసిన ఫ్రీడం కుర్చీలో, మనం వాలితే సీటు కొంచెం పైకి లేస్తుంది. అంటే మన బరువుని మనమే ఎత్తుకుంటున్నామన్నమాట. బరువైన వాడికి గట్టిగా, తేలిక మనిషికి తేలిగ్గా, కుర్చీ దానంతటదే సర్దుకుంటుంది. పిల్లలాడే ఏతాం బల్లలో ఉన్న సూత్రమే. చాలా అందమైన ఆలోచన అని నా ఉద్దేశం. ధర మాత్రం అందమైనది కాదు.

ఎత్తు మార్చే గొట్టం గురించి మన వాళ్ళలో భయం ఎక్కువ కాబట్టి ఓ మాట. అందులో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది. లీవరు ఎత్తితే లోపలి వాల్వు తెరుచుకుని గొట్టం కదులుతుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. "వేసవిలో కారు డిక్కీలో పెడితే పేలుతుందటగా?" అని ఒకరు అడిగారు. 25 డిగ్రీల నుంచి 70కి వెళ్ళినా లోపలి ఒత్తిడి పెరిగేది పదిహేను శాతమే. దాన్ని కోయడం, డ్రిల్లు పెట్టడం, వెల్డింగు చేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కుర్చీ మెల్లగా కిందికి దిగిపోతుంటే లోపలి సీలు అరిగినట్టు. కుర్చీ పారేయక్కర్లేదు, గొట్టం మారిస్తే చాలు. దానికి బోల్టులు కూడా ఉండవు. అడుగున సన్నబడే ఆకారం వల్ల మన బరువుకే బిగుసుకుంటుంది, సుత్తితో నాలుగు దెబ్బలేస్తే ఊడుతుంది.

కాళ్ళు అయిదెందుకో తెలుసా? అదే 30 సెంటీమీటర్ల కాళ్ళు నాలుగుంటే, రెండు కాళ్ళ మధ్యకి వాలినప్పుడు పడిపోయే అంచు 21 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అయిదుంటే 24. వాలే కుర్చీకి ఆ మూడు సెంటీమీటర్లే ప్రాణం.

వీటన్నిటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి. మా తాతగారికి పడక కుర్చీ ఉండేది. టేకు చట్రం, గళ్ళు కోసిన వెనక కడ్డీ, మధ్యలో వేలాడే కాన్వాసు గుడ్డ. దానిలో స్పంజీ లేదు, ఏ భాగం ఎంత బరువుందో గుడ్డ అంతే వంగేది. వేసవి మధ్యాహ్నం వీపు చెమట పట్టేది కాదు. 1994లో హెర్మన్ మిల్లర్ కంపెనీ ఏరాన్ కుర్చీ తెచ్చింది. బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ దాని డిజైనర్లు. అంతకు ముందు వాళ్ళు ముసలివాళ్ళ కోసం ఒక వాలు కుర్చీ మీద పనిచేసి, ఎక్కువసేపు కూర్చుంటే స్పంజీ ఒంటిని వేడెక్కించి పుండ్లు పడేలా చేస్తుందని గమనించారు. ఆ కుర్చీ బజారులోకి రాలేదు గానీ, స్పంజీ తీసేసి చట్రానికి వల బిగించాలన్న ఆలోచన ఏరాన్‌లోకి వచ్చింది. న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం వారు ఆ కుర్చీని తమ సేకరణలో పెట్టుకున్నారు. ఫొటో చూపిస్తే మా అమ్మ, "ఇది మీ తాతగారి కుర్చీకి చక్రాలు పెట్టినట్టుందిరా" అంది. గళ్ళు మార్చాలంటే లేచి నిలబడాల్సిన బాధ ఒక్కటే తాతగారి దానిలో!

జెడ్డా, ఖోబర్ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవారికి వల కుర్చీయే నయం. లెదరులా కనిపించేది చాలాసార్లు పాలీయురేథిన్ పూత. వేడికీ తేమకీ కొన్నేళ్ళకే పొలుసులు రాలుతుంది. ప్యాంటుకి అంటుకునే ఆ నల్లటి ముక్కలు మీలో చాలామంది చూసే ఉంటారు.

చివరికి నేను హరాజ్‌కి వెళ్ళాను. మూతపడ్డ ఆఫీసుల సామాను గుట్టలుగా ఉంది. అమ్మే పెద్దాయన లెదరు తుడిచి చూపిస్తుంటే, నేను ప్రతి కుర్చీనీ తిరగేసి అడుగు చూశాను. ఏమనుకున్నాడో గానీ గావా తెప్పించి ఇచ్చాడు. సింక్రో మెకానిజం ఉన్న పాత వల కుర్చీ ఒకటి దొరికింది. గొట్టం మార్చి, చక్రాలు మార్చి, స్ప్రింగు నా బరువుకి సరిచేసుకున్నాను. మందులతో, నడకతో పాటు అది కూడా తన వంతు చేసింది. కాలు లాగడం ఏడాదికి తగ్గింది.

2020లో స్కూళ్ళు ఆన్‌లైన్ అయినప్పుడు మా అమ్మాయి ఆ కుర్చీ ఆక్రమించింది. పాదాలు అందకపోతే వంటింట్లోని చెక్క పీట తెచ్చి కింద వేశాం. స్కూళ్ళు తెరిచారు గానీ కుర్చీ తిరిగి రాలేదు. ఈ వ్యాసం డైనింగు కుర్చీలో కూర్చునే రాశాను, మధ్యలో మూడుసార్లు లేచి నడుస్తూ.

ఉగాది నాడు కలిసినప్పుడు మీ కుర్చీల సందేహాలు తప్పకుండా అడగండి. హాల్లో వేసే మడత కుర్చీల గురించి మాత్రం నన్నడగకండి, వాటికి నా దగ్గర మందు లేదు!