టెర్మినల్ ఎడిటర్లలో ఘనాపాటీలు: కొత్తవాళ్లకు ఏది?

లినక్స్ సర్వర్‌లో ఒక్క సెట్టింగు మార్చాలన్నా చాలాసార్లు టెర్మినల్‌లోనే ఫైలు తెరవాలి, అక్కడే దిద్దాలి, అక్కడే సేవ్ చేయాలి. ఇలా టెర్మినల్‌లో పనిచేసే ఎడిటర్లలో రికార్డుల వీరులు ఎందరో! అందులో కొత్తవాళ్లను ఆదుకునేవి కొన్నే.

అందరికన్నా మితభాషి ‘ఈడీ’. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశారు. కమాండ్ తప్పు కొడితే అది ఇచ్చే జవాబు ఒకే ఒక్క గుర్తు: ‘?’. ఎక్కడ తప్పో, ఏం తప్పో చెప్పదు. ఫైలును తెర నిండా చూపించదు. అప్పట్లో చాలామందికి తెరే లేదు మరి! టెలిటైప్ యంత్రం కాగితం మీద సెకనుకు 10 అక్షరాల చొప్పున కొట్టేది.

అతి పొదుపరి ‘వీఐ’. 1976లో బర్కిలీలో బిల్ జాయ్ రాసినప్పుడు ఇంట్లో ఉన్నది 300 బాడ్ మోడెం. అంటే సెకనుకు 30 అక్షరాలు. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు ఉన్న తెర నిండాలంటే 64 సెకన్లు! అందుకే చాలా కమాండ్లు ఒకటి రెండు అక్షరాల్లో ముగుస్తాయి. కర్సర్‌ను కదిపేవి హెచ్, జె, కె, ఎల్. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ నాలుగు మీటల మీదే ఉండేవి.

లోపలికి వెళ్లడం తేలిక, బయటపడటం అందరికన్నా కష్టం: ‘విమ్’. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన వీఐ వారసుడిది. ‘విమ్ నుంచి బయటికి రావడం ఎలా?’ అని 2012లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకరు అడిగారు. 2017 నాటికి ఆ ప్రశ్నను 10 లక్షల సార్లు చూశారు. రద్దీ వేళల్లో గంటకు 80 మంది!

అతి పెద్ద సంసారం ‘ఈమ్యాక్స్’‌ది. 1976లో ఎంఐటీలో మొదలైంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఈమ్యాక్స్ విడుదల చేశారు. మెయిల్ ఉంది, క్యాలెండర్ ఉంది, టెట్రిస్ ఆట ఉంది, మన గోడు వినే డాక్టరు కూడా ఉన్నాడు. కంట్రోల్ హెచ్ నొక్కి, మళ్లీ హెచ్ కొడితే లోకంలోని భాషలెన్నో పలకరిస్తాయి. వాటిలో మన తెలుగు ‘నమస్కారం’ కూడా ఉంది.

విండోస్ వైపు వస్తే, ఆయుష్షులో మొండిఘటం ‘ఎడ్లిన్’. 1980లో టిమ్ ప్యాటర్సన్ రెండు వారాల్లో రాశారు. ఆరు నెలలు పనికొస్తే చాలనుకున్నారు. 2015లో వచ్చిన విండోస్ 10 32-బిట్ వెర్షన్‌లోనూ అది ఉంది. అంటే 35 ఏళ్లు!

కొత్తతరం బుల్లి వీరుడు మైక్రోసాఫ్ట్ ‘ఎడిట్’. 2025లో వచ్చింది. అప్పటి సైజు 250 కేబీ లోపే. ఒకప్పటి 1.44 ఎంబీ ఫ్లాపీలో ఇలాంటివి ఐదు పడతాయి. పైగా మెనూలున్నాయి, మౌస్ పనిచేస్తుంది.

అలవాటైన మీటల్లో మొనగాడు ‘మైక్రో’. 2016లో వచ్చింది. మొత్తం ఒకే ఒక్క ఫైలు. కంట్రోల్ ఎస్ కొడితే సేవ్, సీ కొడితే కాపీ, వీ కొడితే పేస్ట్, క్యూ కొడితే బయటికి. కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు సున్నా. చిక్కల్లా ఒక్కటే, చాలా యంత్రాల్లో ముందుగా ఉండదు, మనమే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఇక కొత్తవాళ్ల ఛాంపియన్ ‘నానో’. 1999లో క్రిస్ అలెగ్రెటా మొదలుపెట్టారు. విమ్‌తో వచ్చే పాఠం ముగించాలంటే అరగంట పడుతుంది. నానోకు పాఠమే అక్కర్లేదు. తెర అడుగున రెండు వరుసల్లో మీటల పట్టిక ఎప్పుడూ కనిపిస్తుంది. అందులో ^ గుర్తు అంటే కంట్రోల్ మీట. కంట్రోల్ ఓ కొడితే సేవ్, డబ్ల్యూ కొడితే వెతుకులాట, కె కొడితే వరుస కట్, యు కొడితే పేస్ట్, ఎక్స్ కొడితే బయటికి. అయిదు మీటలతో రోజువారీ పని గడిచిపోతుంది. ఉబుంటులో ముందే ఉంటుంది. 2020లో ఫెడోరా 33 కూడా వీఐని పక్కన పెట్టి నానోనే డిఫాల్ట్ ఎడిటర్‌గా కూర్చోబెట్టింది.

తీర్పు ఇదీ: మొదలుపెట్టేది నానోతో. ఇన్‌స్టాల్ చేసుకునే వీలుంటే మైక్రో. ఈ రెండూ లేని సర్వర్‌లో వీఐ ఎదురైతే కంగారు పడొద్దు. ఎస్కేప్ నొక్కి కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కండి. మార్పులేవీ సేవ్ కాకుండా బయటపడతారు.