తెరచిన సీసాలోని గాలి

ఉదయము తాటిచెట్టు నుండి దింపిన కల్లు తియ్యగా నుండును. ప్రొద్దెక్కిన కొలది ఘాటెక్కును. మరునాటికి నోట పెట్టరానంత పుల్లనగును. ఈ సంగతి మన పల్లెలలో అందరికిని తెలిసినదే. నీరా గీయువారు కుండ లోపల సున్నము పూయుట ఈ మార్పును అరికట్టుటకే. చక్కెర ఆల్కహాలుగా మారుట మొదటి మెట్టు. ఆల్కహాలు ఆమ్లముగా మారుట రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టే ఫ్రాన్సు దేశపు వంటయింటిలో ఒక నిత్య సమస్యగా నున్నది. ఆ సమస్యను పరిశీలించినచో, మన పాఠ్యపుస్తకములలోని రసాయన సమీకరణము ఒకటి సజీవముగా కనుపించును.

సమస్య ఏమి?

మనము కూరలలో పులుపునకు చింతపండు వాడుదుము. ఫ్రాన్సులో బర్గండీ మొదలగు ప్రాంతములవారు మాంసమును ద్రాక్షాసవములో, అనగా వైనులో, ఉడికింతురు. కోడిమాంసముతో చేయు ‘కోక్ ఓ వాఁ’ అట్టి వంటకమే. పెద్ద కుటుంబమునకు వండునపుడు సీసా అంతయు ఖర్చగును. కాని చిన్న వంటకమునకు ఒక గిన్నెడు చాలును. సీసాలో పట్టునది సాధారణముగా 750 మిల్లీలీటర్లు. మిగిలిన దానిని మరల వండువరకు దాచుట ఎట్లు? బిరడా బిగించి అలమారులో పెట్టిన సీసాను పదునైదు దినముల తరువాత తెరచినచో, వినెగరు వాసన గుప్పున కొట్టవచ్చును. “ఎటులైనను ఉడికించెదము గదా, చెడిన వాసన ఆవిరితో పోవును” అని కొందరందురు. ఈ మాటలో సగము మాత్రమే నిజము. ఏ సగము నిజమో తెలిసికొనవలెనన్న, సీసాలో జరుగు మార్పులను వేరువేరుగా చూడవలెను.

రెండు మార్పులు

తెరచిన సీసాలో ఆమ్లజని (ఆక్సిజన్) రెండు విధములుగా పనిచేయును.

మొదటిది సూక్ష్మజీవుల ప్రమేయము లేని ఆక్సీకరణము. ద్రాక్షతొక్కల నుండి వచ్చిన ఫినాలు జాతి పదార్థములు, లేశమాత్రముగా నుండు ఇనుము సహాయమున, ఆమ్లజనితో కలియును. ఈ చర్యల వరుసలో కొంత ఆల్కహాలు ఎసిటాల్డిహైడుగా మారును. అప్పుడు తాజా పండ్ల పరిమళము తగ్గి, నలిగిన ఆపిలుపండు వాసన వచ్చును. తెల్లని ఆసవము గోధుమవన్నెకు తిరుగును. కోసిన వంకాయముక్క నల్లబడుట దీనికి దగ్గరి చుట్టమే. అయితే వంకాయలో ఆ పనిని ఒక ఎంజైము త్వరితపరచును.

రెండవది ఎసిటోబాక్టరు మొదలగు బాక్టీరియాల పని. ఇవి గాలి తగులు చోట పెరిగి, ఆల్కహాలును ఎసిటికామ్లముగా మార్చును. మొత్తము మార్పును ఇట్లు వ్రాయవచ్చును: ఒక అణువు ఆల్కహాలు, ఒక అణువు ఆమ్లజని కలిసి ఒక అణువు ఎసిటికామ్లమును, ఒక అణువు నీటిని ఇచ్చును. అనగా 46 గ్రాముల ఆల్కహాలునకు 32 గ్రాముల ఆమ్లజని కావలెను. 60 గ్రాముల ఎసిటికామ్లము పుట్టును.

ఈ రెండవ మార్పు యొక్క మర్మమును విప్పినవాడు లూయీ పాశ్చరు. ఫ్రెంచి ఆసవములు తరచు చెడిపోవుచుండుటచే, ఆ వ్యాధుల సంగతి పరిశీలింపుమని 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆయనను కోరెను. ఆసవముపై ఆయన గ్రంథము 1866లో వెలువడెను. గాలి తగులకుండ 50 - 60 డిగ్రీల సెంటిగ్రేడునకు వేడిచేసినచో ఆసవము చెడదని ఆయన చూపెను. 1867లో ఓర్లియాన్ నగరమున వినెగరు తయారించువారి ఎదుట ఉపన్యసించి, పీపాలో పైన తెట్టువలె ఏర్పడు పొర జీవముగలదనియు, ఆల్కహాలును పుల్లబరచునది అదియేననియు వివరించెను. ఓర్లియాన్ వారు పీపాను పూర్తిగా నింపక, గాలి ఆడుటకు రంధ్రములుంచెడివారు. వినెగరు కావలసినవానికి గాలి మిత్రము. ఆసవము నిలువయుంచువానికి అదే శత్రువు.

ఒక చిన్న లెక్క

సగము వాడిన సీసాకు బిరడా బిగించితిమనుకొనుడు. లోపల 375 మిల్లీలీటర్ల ఆసవము, అంతే పరిమాణముగల గాలి ఉన్నవి. గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్ళు. అనగా సుమారు 79 మిల్లీలీటర్లు. ఒక గ్రామ్-అణువు వాయువు మన గది ఉష్ణోగ్రతలో సుమారు 24 లీటర్ల చోటు ఆక్రమించును. కావున ఇది 0.0033 గ్రామ్-అణువు మాత్రమే. ఇదంతయు బాక్టీరియాలకే దక్కినచో, 0.2 గ్రాము ఎసిటికామ్లము పుట్టును. లీటరు లెక్కన అది అర గ్రామునకు కొంచెము పైన. ఫినాలులును, నిలువకై కలిపిన గంధక డయాక్సైడును కొంత ఆమ్లజనిని హరించును గనుక, నిజముగా పుట్టునది ఇంకను తక్కువే.

ఐరోపా సమాఖ్య నియమముల ప్రకారము ఎర్రని ఆసవములో ఆవిరియగు ఆమ్లము సామాన్యముగా లీటరునకు 1.2 గ్రాములు మించరాదు. అది ఎసిటికామ్లముగా కట్టిన లెక్క. ఆసవమున మొదటినుండియు కొంత ఆమ్లము ఉండనే ఉండును. దానికి ఈ అర గ్రాము తోడైనచో, హద్దు ఎంత దూరముననున్నదో చూడుడు. పైగా వంటకు వాడినపుడెల్ల బిరడా తీసినచో, ప్రతిసారియు క్రొత్తగాలి ప్రవేశించును.

అయితే మూసిన సీసా ఒక్కమారుగా వినెగరు కాజాలదు. నూటికి 13 పాళ్ళ ఆల్కహాలుగల ఆ 375 మిల్లీలీటర్లలో దాదాపు 38 గ్రాముల ఆల్కహాలున్నది. దీనినంతయు ఆమ్లముగా మార్చుటకు ఇంచుమించు 95 లీటర్ల గాలి కావలెను. బిరడా లేని సీసాకు అంత గాలి దొరకును. బిగించిన సీసాకు దొరకదు.

ఇప్పుడు అదే ఆసవమును సరిగా 375 మిల్లీలీటర్లు పట్టు చిన్నసీసాలోనికి మార్చితిమనుకొనుడు. మెడలో 10 మిల్లీలీటర్ల గాలి మాత్రమే మిగులును. పోయునపుడు కరగిన కొంచెము ఆమ్లజని ఉన్నను, పైనున్న గాలి ముప్పది ఏడవ వంతునకు తగ్గినది. ఏ ఖరీదైన పరికరమును లేకయే ఇంత లాభము!

పొయ్యి మీద జరుగునది

ఎసిటాల్డిహైడు 20 డిగ్రీల ప్రాంతముననే మరుగును. కావున ఉడికించునపుడు దానిలో పెక్కుభాగము ఎగిరిపోవును. తాజా పరిమళము సైతము ఎటులైనను పొయ్యి మీద చాలవరకు పోవునదే. అందుచే మొదటి మార్పును వంట క్షమించును. త్రాగుటకు రుచించని ఆసవము కూరకు పనికివచ్చుటకు కారణమిదే.

ఎసిటికామ్లము సంగతి వేరు. అది 118 డిగ్రీలకు గాని మరుగదు. నీటితో కలిసియున్నపుడు కొంత ఆవిరితో పోయినను, నీరు అంతకంటె త్వరగా పోవును. కావున రసమును ఇగిర్చినకొలది మిగిలిన దానిలో పులుపు హెచ్చునేగాని తగ్గదు. ఆవిరికాని టార్టారికామ్లము మొదలగునవియు అట్లే చిక్కబడును. అనగా రెండవ మార్పును వంట క్షమింపదు; పైగా ఎత్తిచూపును.

ఇక ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగును గనుక వెంటనే అంతయు పోవుననుటయు భ్రమయే. అమెరికా వ్యవసాయశాఖవారి పట్టికల ప్రకారము, కలిపి ఉడికించిన వంటకములో పదునైదు నిమిషముల తరువాత నూటికి 40 పాళ్ళు, గంట తరువాత 25 పాళ్ళు, రెండున్నర గంటల తరువాత 5 పాళ్ళు ఆల్కహాలు మిగులును.

దాచు పద్ధతి

పై విషయములనుబట్టి వంటకు దాచువారు చేయవలసినది తేలికగా తెలియును. సూక్ష్మజీవులకు గాలియు, వెచ్చదనమును దొరకకుండ చేయవలెను.

వంటకు కావలసినంత తీయగానే, ఆలసింపక, మిగిలినదానిని శుభ్రమైన చిన్నసీసాలో మెడవరకు నింపి బిగింపవలెను. దానిని రిఫ్రిజిరేటరులో ఉంచవలెను. రసాయనచర్యల వేగము ప్రతి పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపగునని స్థూలసూత్రము. ఆ లెక్కను 25 డిగ్రీల నుండి 5 డిగ్రీలకు దింపినచో వేగము నాలుగవ వంతగును. ఎసిటోబాక్టరుకు 25 - 30 డిగ్రీలు హితము గనుక, చలిలో అది మరింత మందగించును. ఇట్లు దాచినది వారము పదిదినములు వంటకు పనికివచ్చుట సామాన్యము.

అంతకంటె ఎక్కువకాలము కావలెనన్న గడ్డకట్టించుటయే మేలు. మంచుగడ్డల పళ్ళెములో పోసి, ఫ్రీజరులో పెట్టి, గట్టిపడిన ముక్కలను మూతగల డబ్బాలో వేసికొన్నచో నెలల తరబడి నిలుచును. కావలసినపుడు రెండుముక్కలు తీసి నేరుగా గిన్నెలో వేయవచ్చును. గాజుసీసాను నిండుగా నింపి ఫ్రీజరులో పెట్టరాదు. నీరు గడ్డకట్టునపుడు వ్యాకోచించి సీసాను పగులగొట్టును. కరగించినపుడు అడుగున ఇసుకవంటి స్ఫటికములు కనుపించిన భయపడనక్కరలేదు. అవి పొటాసియము బైటార్టరేటు, హానిలేనివి.

పోర్టు, మదీరా వంటి ఆసవములలో విడిగా ఆల్కహాలు కలుపుదురు. పోర్టులో అది నూటికి 20 పాళ్ళ వరకు ఉండును. అంత ఆల్కహాలులో ఈ బాక్టీరియాలు సాధారణముగా పెరుగలేవు. కావున అవి తెరచిన తరువాతను చాలకాలము నిలుచును.

వాడుటకు ముందు ఒక చెంచాడు వాసన చూచుట మంచిది. నలిగిన ఆపిలు వాసనయైన వండవచ్చును. వినెగరు ఘాటైనచో ఇగురుకూరకు పనికిరాదు. పచ్చికూరముక్కలపై పులుపునకు చిలుకరింపవచ్చును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని ఆసవము లేకయే చూపవచ్చును. ఒక వంకాయను కోసి, కొన్నిముక్కలను పళ్ళెములో విడిగా ఉంచవలెను. కొన్నింటిని, మరిగించి చల్లార్చిన నీటితో అంచువరకు నింపిన సీసాలో వెంటనే ముంచి మూయవలెను. అరగంటలో తేడా తెలియును. తరువాత పైన చూపిన లెక్కను, సీసాలో మూడవవంతు మాత్రమే ఆసవము మిగిలినదనుకొని, విద్యార్థులచేత చేయింపవలెను. సీసా ఖాళీయైనకొలది మిగిలినది ఏల త్వరగా చెడునో, ఆ అంకెలే వారికి చెప్పును.