పుట్టినచోటు మరవని సాకెట్

కంటైనర్ అనే వస్తువు లినక్స్ కెర్నల్‌కు తెలియదు. డాకర్ వంటి సాఫ్ట్‌వేర్ ఒక ప్రోగ్రాముకు సొంత ఫైళ్లను, సొంత ప్రాసెస్‌ల జాబితాను, సొంత నెట్‌వర్కును చూపించి, అది ప్రత్యేకమైన యంత్రంలో నడుస్తున్నదన్న భ్రమను కల్పించినప్పటికీ, కెర్నల్ దృష్టిలో అది మిగతావాటి వంటి మరొక ప్రాసెస్ మాత్రమే. ఈ భ్రమలో అన్నిటికన్నా చిక్కైన భాగం నెట్‌వర్కు. ఫైళ్ల విషయంలో కంటైనర్‌కు కనిపించకూడనివాటిని దాచిపెడితే చాలావరకు పని తీరుతుంది గాని, నెట్‌వర్కు విషయంలో కంటైనర్‌ను ముందు పూర్తిగా వేరు చేసి, ఆ వెంటనే బయటి ప్రపంచంతో మళ్లీ కలపవలసి ఉంటుంది. వేరు చేయడం కెర్నల్ చేసిపెడుతుంది; కలపడం కంటైనర్ సాఫ్ట్‌వేర్ బాధ్యత. ఇన్నేళ్లలో ఆ కోడ్‌లో జరిగిన మార్పుల్లో చెప్పుకోదగినవన్నీ దాదాపుగా ఈ కలిపే పనికి సంబంధించినవే.

వేరు చేసే ఏర్పాటును నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అంటారు. ఇది 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కెర్నల్‌తో మొదలై, తర్వాతి వెర్షన్లలో క్రమంగా పూర్తయింది. ఒకే కప్పు కింద వేరు పొయ్యి పెట్టుకున్న అన్నదమ్ముల్లాగా, ఒకే కెర్నల్ కింద ఉన్న ఒక్కొక్క నేమ్‌స్పేస్‌కు దాని ఇంటర్‌ఫేస్‌లు, దాని రౌటింగ్ పట్టిక, దాని ఫైర్‌వాల్ నియమాలు, దాని పోర్టు సంఖ్యలు విడివిడిగా ఉంటాయి. కొత్తగా పుట్టిన నేమ్‌స్పేస్‌లో పనిచేయని స్థితిలో ఉన్న ఒక లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ తప్ప దారి గాని తెన్ను గాని ఉండదు. దానికి దారి చూపేది వీఈత్ జత. ఒక కొసలో వేసిన ప్యాకెట్ రెండో కొసలో బయటపడే రెండు కాల్పనిక ఇంటర్‌ఫేస్‌లను కెర్నల్ ఒకేసారి సృష్టిస్తుంది. వాటిలో ఒకదాన్ని డాకర్ కంటైనర్ నేమ్‌స్పేస్‌లోకి తోసి దానికి ‘ఈత్0’ అని పేరు మార్చి, రెండోదాన్ని కంటైనర్‌ను నడిపే ఆతిథేయ యంత్రంలోనే ఉంచి ‘డాకర్0’ అనే బ్రిడ్జికి తగిలిస్తుంది. బ్రిడ్జి అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన నెట్‌వర్క్ స్విచ్. కంటైనర్ నుంచి బయటికి పోయే ప్యాకెట్లపై ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ సాధనపు నియమాలు ఆతిథేయ యంత్రపు చిరునామాను అతికిస్తాయి. బయటి నుంచి ఫలానా పోర్టుకు వచ్చే ప్యాకెట్ల గమ్యాన్ని మార్చి కంటైనర్‌కు పంపిస్తాయి. వీటిలో ఏదీ డాకర్ కనిపెట్టినది కాదు.

ఉన్న పరికరాలను కలిపి కుట్టేటప్పుడు ఎంత చిన్న వివరం ఇబ్బంది పెడుతుందో చూపడానికి మ్యాక్ చిరునామా ఉదంతం చాలు. ఐపీ చిరునామాకు అడుగున ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ ఆరు బైట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్నది పొరుగు యంత్రాలు ఏఆర్‌పీ పద్ధతిలో అడిగి తెలుసుకుని కొంతసేపు గుర్తుంచుకుంటాయి. ఒక కంటైనర్ ఆగిపోయి, అదే ఐపీతో మరొక కంటైనర్ మొదలై, దానికి యాదృచ్ఛికంగా వేరే మ్యాక్ దక్కితే, పొరుగువాళ్ల పాత జ్ఞాపకం చెరిగేదాకా ప్యాకెట్లు లేని చిరునామాకు పోతూ ఉంటాయి. దీనికి డాకర్ రచయితలు చేసిన మార్పు కొద్ది పంక్తుల కోడ్. మ్యాక్‌లోని మొదటి రెండు బైట్లను 02, 42 అని ఖాయం చేసి, మిగిలిన నాలుగు బైట్లలో ఐపీ చిరునామానే నింపారు. 172.17.0.2 అనే చిరునామాను పదహారు ఆధారంగా గల సంఖ్యాపద్ధతిలో రాస్తే 172 ‘ఎసి’గానూ 17 ‘11’గానూ మారతాయి కనుక ఆ కంటైనర్ మ్యాక్ 02:42:ఎసి:11:00:02 అయ్యేది. మొదటి బైటులోని 02, ఇది ఏ తయారీదారుకూ కేటాయించని, స్థానికంగా ఇచ్చుకున్న చిరునామా అని తెలియజేస్తుంది. అదే ఐపీ తిరిగి వస్తే అదే మ్యాక్ తిరిగి వచ్చేది కనుక, పొరుగువాళ్ల జ్ఞాపకం పాతదైనా తప్పయ్యేది కాదు.

ఇంతకన్నా లోతైన చిక్కు డాకర్‌ను రాసిన గో భాష నుంచి వచ్చింది. లినక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అనేది ప్రాసెస్ మొత్తానికి కాక, దానిలో సమాంతరంగా నడిచే ఒక్కొక్క థ్రెడ్‌కు విడిగా అంటుకుని ఉండే లక్షణం. 2011లో 3.0 కెర్నల్‌తో వచ్చిన ‘సెట్‌ఎన్‌ఎస్’ అనే పిలుపు, తనను పిలిచిన థ్రెడ్‌ను మాత్రమే వేరే నేమ్‌స్పేస్‌లోకి మారుస్తుంది. గో భాషలో ప్రోగ్రామరు రాసేది థ్రెడ్‌లను కాదు, గోరొటీన్లు అనే తేలికైన పనులను. ఏ గోరొటీన్ ఏ థ్రెడ్‌పై ఎప్పుడు నడవాలో ఆ భాష నిర్వహణ వ్యవస్థ తనకు తోచినట్టు నిర్ణయించి, అవసరమైతే నడుమ మార్చేస్తుంది. కంటైనర్‌లోకి వెళ్లి ఇంటర్‌ఫేస్‌ను అమర్చవలసిన గోరొటీన్ సగం పనిలో మరో థ్రెడ్‌పైకి మారితే, మిగతా సగం ఆతిథేయ యంత్రపు నెట్‌వర్కుపై జరుగుతుంది. గోరొటీన్‌ను థ్రెడ్‌కు తాళం వేసి కట్టే సౌకర్యం భాషలో ఉంది గాని, అది రోగాన్ని సగమే నయం చేసింది. తాళం వేసిన ఆ థ్రెడ్ కంటైనర్‌లో ఉన్న క్షణంలోనే నిర్వహణ వ్యవస్థకు కొత్త థ్రెడ్ అవసరమైతే, దాన్ని ఈ థ్రెడ్ నుంచే పుట్టించే అవకాశం ఉండేది. అలా పుట్టిన థ్రెడ్ తల్లి నేమ్‌స్పేస్‌ను వారసత్వంగా తెచ్చుకునేది. ఆ తర్వాత ఎప్పుడో ఏ సంబంధమూ లేని పని ఆ థ్రెడ్‌పైకి ఎక్కి, ఉన్నట్టుండి తనకు ఇంటర్నెట్టు లేదని గగ్గోలు పెట్టేది. కోడ్‌ను ఎంత చదివినా కనిపించని, మళ్లీ నడిపితే మాయమయ్యే ఇటువంటి దోషం కన్నా ప్రోగ్రామర్లను విసిగించేది మరొకటి ఉండదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 1.10 వెర్షన్‌లో గో రచయితలు దీన్ని సరిదిద్దారు. తాళం వేసిన థ్రెడ్‌పై కొత్త థ్రెడ్ అవసరం పడితే, దాన్ని ఎవరూ కదిలించని వేరొక శుభ్రమైన థ్రెడ్ నుంచి పుట్టించే ఏర్పాటు చేశారు.

కంటైనర్ సాఫ్ట్‌వేర్ అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. దానికి ఆసరా అయినది కెర్నల్‌లోని ఒక సాదా లక్షణం. సాకెట్ అంటే నెట్‌వర్కుతో మాట్లాడేందుకు ప్రోగ్రాము కెర్నల్ చేత తెరిపించుకునే ద్వారం. ఆ ద్వారం ఏ నేమ్‌స్పేస్‌లో తెరుచుకుందో జీవితాంతం దానికే చెందుతుంది, దాన్ని తెరిచిన థ్రెడ్ తర్వాత ఎక్కడికి పోయినా సరే. ఇంటర్‌ఫేస్‌లకు చిరునామాలు ఇవ్వడం, రౌటింగ్ దారులు చేర్చడం వంటి ఆజ్ఞలను లినక్స్‌లో కెర్నల్‌కు అందించేది కూడా నెట్‌లింక్ అనే ఒక రకం సాకెట్ ద్వారానే. కనుక కొత్త పద్ధతిలో థ్రెడ్ కంటైనర్ నేమ్‌స్పేస్‌లోకి ఒక్క క్షణం పోయి, అక్కడ ఒక నెట్‌లింక్ సాకెట్ తెరిచి, వెంటనే సొంత నేమ్‌స్పేస్‌కు తిరిగి వస్తుంది. ఆపైన ఏ గోరొటీన్ ఏ థ్రెడ్‌పై నుంచైనా ఆ సాకెట్‌లో రాసిన ఆజ్ఞ కంటైనర్ లోపలే అమలవుతుంది. ప్రమాదకరమైన ప్రవేశం పని పొడవునా సాగకుండా, రెండు మూడు పంక్తుల కోడ్‌కు కుదించుకుపోయింది. కంటైనర్ నెట్‌వర్కింగ్ చరిత్రలో ఇంతకన్నా పొదుపైన మార్పును చూపడం కష్టం.

అదే లక్షణం పేర్ల సమస్యను కూడా తీర్చింది. ఒక కంటైనర్ మరొకదాన్ని ఐపీతో కాక పేరుతో పిలవాలి. మొదట్లో డాకర్ ‘లింక్’ అనే సదుపాయంతో ఎదుటి కంటైనర్ చిరునామాను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోనూ హోస్ట్స్ ఫైల్‌లోనూ రాసిపెట్టేది. ఎదుటిది పునఃప్రారంభమై చిరునామా మారినప్పుడల్లా ఫైల్‌ను దిద్దవలసి వచ్చేది, వేరియబుల్స్ మాత్రం పాతబడే ఉండేవి. 2016 ఫిబ్రవరిలో వచ్చిన డాకర్ 1.10 వెర్షన్ ఈ పద్ధతిని పక్కకు నెట్టి, వాడుకరులు సృష్టించుకున్న నెట్‌వర్కులన్నిటిలో, కంటైనర్ లోపల 127.0.0.11 అనే చిరునామాలో, పేర్లకు చిరునామాలు చెప్పే ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ను చూపించింది. విశేషమేమంటే ఆ సర్వర్ కంటైనర్‌లో లేదు. లోపల వెతికితే అటువంటి ప్రాసెస్ కనిపించదు. సమాధానాలు చెప్పేది ఆతిథేయ యంత్రంలో నేపథ్యంలో నడిచే ప్రోగ్రాము, డాకర్ డెమన్. అది కంటైనర్ నేమ్‌స్పేస్‌లోకి తొంగిచూసి అక్కడ ఒక సాకెట్‌ను తెరిచి వస్తుంది. చెవి కంటైనర్‌లో ఉంటుంది, వినేది బయట ఉంటుంది. డీఎన్‌ఎస్‌కు లోకమంతా వాడే 53వ పోర్టును ఈ సాకెట్ ఆక్రమించదు. అది ఏదో ఒక ఖాళీ పోర్టును పట్టుకుంటే, నేమ్‌స్పేస్ లోపల వేసిన ఐపీటేబుల్స్ నియమాలు 53కు వచ్చిన ప్రశ్నను ఆ పోర్టుకు మళ్లించి, జవాబు 53 నుంచే వచ్చినట్టు దిద్దుతాయి. కంటైనర్‌లో ఎవరైనా సొంత డీఎన్‌ఎస్ సర్వర్ నడుపుకోదలిస్తే పోర్టు తగాదా రాకుండా చేసిన ముందుచూపు అది. అడిగిన పేరు తోటి కంటైనర్‌ది కాకపోతే ప్రశ్నను బయటి డీఎన్‌ఎస్‌కు పంపుతారు.

ఈ మార్పులన్నీ జరిగిన కాలంలోనే ఒక పోటీ కూడా నడిచింది. డాకర్ తన నెట్‌వర్క్ కోడ్‌ను 2015లో లిబ్‌నెట్‌వర్క్ అనే ప్రత్యేక కోడ్ లైబ్రరీగా విడదీసి, శాండ్‌బాక్స్, ఎండ్‌పాయింట్, నెట్‌వర్క్ అనే మూడు భావనలతో ఒక నమూనాను ప్రతిపాదించింది. కోర్‌ఓఎస్ సంస్థ తన రాకెట్ కంటైనర్ సాఫ్ట్‌వేర్ కోసం రూపొందించిన సీఎన్‌ఐ అనే పోటీ నమూనా అడిగేది చాలా తక్కువ: నేమ్‌స్పేస్ ఎక్కడుందో చెప్పి ‘చేర్చు’ లేదా ‘తీసివెయ్యి’ అంటే ఆ పని చేసిపెట్టే ఒక ప్రోగ్రాము ఉంటే చాలు, అది ఏ భాషలో రాసినదైనా ఫరవాలేదు. కాగితం మీద డాకర్ నమూనాయే పొందికగా కనిపిస్తుంది గాని, ఇతరులు ఇమిడిపోవడానికి తక్కువ అడిగినదానికే అవకాశం ఎక్కువ. గూగుల్‌లో పుట్టిన కంటైనర్ నిర్వహణ వ్యవస్థ కుబర్నెటీస్ 2016 జనవరిలో లిబ్‌నెట్‌వర్క్‌ను వాడబోమని కారణాలతో సహా ప్రకటించి సీఎన్‌ఐ వైపు మొగ్గడంతో ఆ పోటీ దాదాపు తేలిపోయింది.

డాకర్‌లో తర్వాతి మార్పుల్లో ఎక్కువ భాగం భద్రతకు సంబంధించినవి. గమ్యం మార్చే నియమాలు ప్యాకెట్‌ను రాగానే కంటైనర్ వైపు మళ్లించడం వల్ల, ఆతిథేయ యంత్రంలోకి వచ్చే ప్యాకెట్లను తనిఖీ చేసే సాధారణ ఫైర్‌వాల్ నియమాలకు అవి ఎదురుపడవు. పోర్టు మూసి ఉన్నదని నిశ్చింతగా ఉన్న నిర్వాహకుడి డేటాబేస్ అందరికీ తెరిచి ఉండేది. ఇది దోషం కాదని, రూపకల్పనలో భాగమని వాదించవచ్చు గాని, ఆశ్చర్యపరిచే రూపకల్పన మంచి రూపకల్పన కాదు. 2017 జనవరిలో వచ్చిన 1.13 వెర్షన్, యంత్రం గుండా దాటిపోయే ప్యాకెట్లను ప్రత్యేక అనుమతి లేకపోతే పారవేసే విధానాన్ని తెచ్చింది. అదే ఏడాది 17.06 వెర్షన్ నిర్వాహకులు సొంత నియమాలు రాసుకోవడానికి ప్రత్యేకమైన చోటు కల్పించింది. లిబ్‌నెట్‌వర్క్ 2021లో మళ్లీ డాకర్ మూల కోడ్‌లోనే కలిసిపోయింది. ఐపీటేబుల్స్ స్థానంలో రావలసిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ 2014 జనవరిలో వెలువడిన 3.13 కెర్నల్‌లోనే చేరినా, డాకర్ దాన్ని ప్రయోగాత్మకంగానైనా స్వీకరించడానికి 2025లో వచ్చిన 29వ వెర్షన్ దాకా పట్టింది.