గానుగ పనివారికి ఒక క్షేమ సంఘము

చెరకు రసము కాచుట, మడ్డి తీయుట, పాకము దించు సమయము గూర్చి మేము రైతు సోదరులకు ఎన్నోమార్లు చెప్పియున్నాము. గానుగలో చెరకు పెట్టు మనిషి చేతిని గూర్చి చెప్పినది తక్కువ.

కొన్నేండ్ల క్రిందట చిత్తూరు ప్రాంతమున ఒక గానుగ వద్దకు బెల్లపు రంగు చూడబోయితిని. తెల్లవారుజామున 4 గంటలు. చెరకు పెట్టుచున్న యువకుని తువ్వాలు రోలర్ల నడుమ చిక్కినది. ఇంజను ఆపవలసినవాడు పొయ్యిలో పిప్పి వేయుచున్నాడు. అతడు పరుగున వచ్చులోపల రెండు వేళ్లు పోయినవి. అదే తువ్వాలు అంతకు ముందు రెండుసార్లు చిక్కినదట! ఆ సంగతి యజమానికి ఎవరును చెప్పలేదు. అడిగినవారును లేరు.

పెద్ద కర్మాగారములలో ఇట్టివి చెప్పుకొనుటకు చట్టమే చోటు కల్పించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో జరిగిన సవరణ, ప్రమాదకరమైన పనులు గల చోట్ల యాజమాన్యము, పనివారు సమసంఖ్యలో కూర్చుండు భద్రతా సంఘమును కోరినది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలోను 500 మంది, అంతకు మించి పనిచేయు ఫ్యాక్టరీలకు అట్టి ఏర్పాటు కలదు. పదిమంది పనిచేయు గానుగకు ఆ లెక్క వర్తింపదు. అయినను మంచి పద్ధతిని అరువు తెచ్చుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు గదా!

సంఘమున ఐదుగురు చాలును. చెరకు పెట్టువాడొకడు, పొయ్యి వద్దివాడొకడు, చెరకు మోయు స్త్రీలలో ఒకామె తప్పక ఉండవలెను. యజమాని, ఇంజను చూచువాడు మిగిలిన ఇద్దరు. యజమానినే అధ్యక్షుని చేసిన యెడల మిగిలినవారు నోరు విప్పరు. ఇది నేను చూచిన సంగతియే. పనివారిలో ఒకరిని వంతులవారీగా పెట్టుడు. పదిహేను దినములకొకమారు, కూలి ఇచ్చునాడు, అరగంట కూర్చుండిన చాలును. ఆ అరగంటకు కూలి కోయరాదు.

మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ పక్షములో జరుగబోయి తప్పినదేమి?" చెప్పినవానిని తప్పుపట్టరాదు. చెప్పినది, దానికి చేసినది ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. చేయనిచో ఎందుకు చేయలేదో అదియు వ్రాయవలెను.

"ఇది పెట్టిన కూలి పెంచమందురు" అని కొందరు రైతులు నాతో అన్నారు. అడుగవచ్చును. కాని నేను వెళ్లిన చోట్ల మొదట అడిగినవి తాగునీరు, బెల్టుకు కంచె, రాత్రిపూట మంచి దీపము. చెరకు పెట్టువాని చేతికి అందునట్లు ఇంజను ఆపు మీట అమర్చుట అన్నిటికంటె ముఖ్యము. తువ్వాలు, వ్రేలాడు బట్టలు ఆ చోట నిషేధము. రాత్రంతా ఒక్కనిచేతనే పెట్టించరాదు.

కాగిన రసము పడినచో కాలినచోట 20 నిమిషములు చల్లని నీరు పోయవలెను. సిరా, పేస్టు, పసుపు పూయరాదు. గాయము పెద్దదైన 108కి ఫోను చేయవలెను. ఆ ఫోను ఎవరు చేయవలెనో సంఘము ముందే నిర్ణయింపవలెను.

ఎల్ సాల్వడార్ దేశమున ఎండలో చెరకు కోయువారికి మూత్రపిండముల వ్యాధి హెచ్చుగా వచ్చుచుండెను. 2014–15 కోతలో కొందరికి నీరు, నీడ, విశ్రాంతి ఏర్పరచి చూచినారు. కోత తగ్గుటకు మారుగా పెరిగినది. మంచి కత్తులు ఇచ్చుటయు అందుకు తోడ్పడినదనుకొనుడు.

నేను చెప్పిన ఆ గానుగలో మీట అమర్చుటకు ఒక పూట పట్టినది. ఆ యువకుడిప్పుడు అచ్చులు పోయుచున్నాడు. నోటుపుస్తకము అతని వద్దనే ఉన్నది.