పాలీహౌస్ కీరదోస: బ్యాగ్ సైజుని బట్టే ఎరువు లెక్క

"వారం వారం జీవామృతం పోస్తూనే ఉన్నాం, అయినా కీరా కాయలు వంకర తిరుగుతున్నాయి" అని ఈ మధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ గ్రో బ్యాగ్ ఎన్ని లీటర్లు?

ఈ తప్పు ముందు చేసింది నేనే. చేవెళ్ల వైపు మా పాలీహౌస్‌లో మొదటి పంటకి ఖర్చు తగ్గుతుందని 8 లీటర్ల బ్యాగులు తెచ్చాను. నెల రోజులు తీగలు బ్రహ్మాండంగా పాకాయి. కాపు మొదలయ్యాక మధ్యాహ్నానికల్లా ఆకులు వేలాడేవి, కింది ఆకులు పసుపు తిరిగాయి. కంగారుపడి జీవామృతం నీళ్లు కలపకుండా, రెట్టింపు పోశాను. నాలుగు రోజుల్లో ఆకుల అంచులు మాడాయి. 3 నెలలు నిలవాల్సిన పంటని 55 రోజులకే పీకేశాను.

ఎందుకలా అయింది? జీవామృతంలో పోషకాలు తక్కువే, అది తోడు లాంటిది. పాలు ఉంటేనే కదా తోడు వేస్తే పెరుగయ్యేది! పొలంలో ఆ పాలు మట్టిలోనే ఉన్నాయి, వేరు ఎంత దూరమైనా పోయి తెచ్చుకుంటుంది. బ్యాగ్‌లో మనం నింపినంతే.

నీళ్ల లెక్క కూడా చూడండి. కాపు మీదున్న కీరా మొక్క ఎండ రోజుల్లో సుమారు 2 నుంచి 3 లీటర్లు తాగుతుంది. 8 లీటర్ల మిశ్రమంలో వేరు సులువుగా లాక్కోగలిగేది దాదాపు 2 లీటర్లే. అంటే పొద్దున పోసిన నీళ్లు సాయంత్రం దాకా రావు. పైగా మిశ్రమం ఎండేకొద్దీ అందులోని లవణాలు చిక్కబడతాయి. అప్పుడు ఘాటు ఎరువు పడితే వేరు మాడుతుంది.

ఇప్పుడు నేను మొక్కకి 20 లీటర్ల బ్యాగ్ వాడుతున్నా. కడిగిన కొబ్బరి పొట్టు 40 శాతం, వర్మీ కంపోస్ట్ 30, ఎర్రమట్టి 30, బ్యాగ్‌కి 100 గ్రాముల వేప పిండి. అడుగున రంధ్రాలు తప్పనిసరి.

నా షెడ్యూల్ ఇది:

నాటిన 12 రోజుల దాకా: 1 లీటరు జీవామృతానికి 10 లీటర్ల నీళ్లు కలిపి, మొక్కకి 200 మి.లీ., వారానికి ఒక్కసారి.

12 నుంచి 30 రోజులు: అదే ద్రావణం 250 మి.లీ., 5 రోజులకోసారి. 20వ రోజున గుప్పెడు వర్మీ కంపోస్ట్.

కాపు మొదలయ్యాక: వారానికి రెండుసార్లు, ఒకసారి జీవామృతం, ఒకసారి వర్మీవాష్. 10 రోజులకోసారి పైన 200 గ్రాముల వర్మీ కంపోస్ట్, 100 గ్రాముల ఘనజీవామృతం. పొటాష్ కోసం చెంచాడు కట్టెల బూడిద. బూడిదని జీవామృతంతో కలపొద్దు, వేరే రోజు వేయండి.

నీళ్లు రోజుకి 3, 4 సార్లు కొంచెం కొంచెంగా. డ్రిప్‌లో జీవామృతం వదిలితే రెండుసార్లు వడకట్టండి, లేకపోతే డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

ఇప్పటికే చిన్న బ్యాగులు కొన్నవాళ్లు పారేయకండి. మోతాదు సగం చేసి, రెట్టింపు సార్లు ఇవ్వండి. నీళ్లు కూడా రోజుకి 6 సార్లకి తగ్గకుండా పెట్టండి. కానీ ఒక్కరోజు కరెంటు పోయినా పంట దెబ్బతింటుంది, అది గుర్తుంచుకోండి.

కాయే మనకి రిపోర్ట్ ఇస్తుంది. తొడిమ దగ్గర సన్నబడి కొస లావైతే పొటాష్ చాలట్లేదు. కొస సూదిలా మొనదేలి రంగు పాలిపోతే నత్రజని తక్కువ. అయితే ఎరువు డబ్బా తీసే ముందు బ్యాగ్‌లో వేలు పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడ కొరత ఎరువుది కాదు, నీళ్లది.

బ్యాగ్ నింపడం, వడకట్టడం పైన వీడియోలో చూపించాను. ముందు ఒక 20 మొక్కలతో చేసి చూడండి, నచ్చితేనే మిగతా షెడ్డుకి పెంచండి.