దీక్షలో నిలిచే మనిషి నడకలో ఎందుకు నిలవడు?

కార్తీకం వచ్చిందంటే మహబూబ్‌నగర్ వీధుల్లో అయ్యప్ప దీక్ష పట్టిన నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. ఏడాదంతా పొద్దెక్కేదాకా లేవనివాళ్లు తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసి పూజకు కూర్చుంటారు. రోజూ సాయంత్రం కల్లు కాంపౌండుకు పోయేవాళ్లు ఆ ఛాయలకే వెళ్లరు. మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, రాత్రి అల్పాహారం, చాప మీద పడక, చెప్పుల్లేని కాళ్లు. ఇలా 41 రోజులు గడుపుతారు. రంజాన్ నెలలో ఇదే పట్టణంలో సహరీకి ముస్లింల ఇల్లిల్లూ లేస్తుంది, నడి ఎండాకాలంలో పడినా ఇఫ్తార్ దాకా చుక్క నీరు ముట్టరు. ఇంత గట్టివాళ్లే, షుగర్ వచ్చింది నడవమని డాక్టర్ చెబితే మొదలుపెట్టిన నడకను నెల తిరక్కుండా మానేస్తారు. కాబట్టి మనవాళ్లకు పట్టుదల లేదన్న మాట నిలవదు. పట్టుదల ఉంది. దాన్ని రోజూ పట్టి ఉంచే ఏర్పాటు దీక్షలో ఉంటుంది, నడకకు ఉండదు. ఆరోగ్యం కోసం పెట్టుకున్న ఏ నియమమైనా నిలవాలంటే ముందు ఆ ఏర్పాటు చేసుకోవాలి.

పాలమూరు అని పిలుచుకునే ఈ జిల్లాలో ఒకప్పుడు వ్యాయామం గురించి ఆలోచించే అవసరమే లేదు. బతుకుతెరువే ఒళ్లు వంచేది. దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి మోసింది పాలమూరు లేబరే. ఇంట్లో తిండి జొన్నరొట్టె. ఆ కష్టంలో దోపిడీ ఉంది, వలస గోస ఉంది, దాన్ని ఆరోగ్యసూత్రంగా పొగడటం తగదు. అయితే ఇప్పుడు ఎత్తిపోతల నీళ్లతో వరి పెరిగింది, కోతకు యంత్రం వచ్చింది, చేను దాకా బైకు పోతోంది, రెండు పూటలా తెల్లన్నమే అయింది. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 31.5 కోట్ల మందికి బీపీ ఉన్నట్టు అంచనా కట్టింది. ఒకప్పుడు పనే చేయించిన కదలికను ఇప్పుడు మనమే రోజులో ఒక చోట కుదుర్చుకోవాల్సి వచ్చింది.

మరి దీక్షలో ఏముంది? మాల వేసుకున్న మనిషి పొద్దున లేచి, ఇవాళ స్నానం చేయాలా వద్దా అని తనతో తాను వాదించుకోడు. వేళ ముందే ఖరారైపోయింది. అతడు దీక్షలో ఉన్నాడని నల్లబట్టలే ఊరికి చెబుతాయి. కల్లు దుకాణం ముందు ఆగితే దుకాణందారే ‘స్వామీ, ఇటెందుకొచ్చినవ్’ అని అడుగుతాడు. పూజకు రాకపోతే గురుస్వామి ఆరా తీస్తాడు. తోటి స్వాములతో కూర్చునే భిక్ష ఉంటుంది. ఇంట్లో వంట మారుతుంది, గిన్నెలు మారతాయి. ఇక నడక సంగతి చూడండి. ‘రేపట్నుంచి నడవాలి’ అంటాం. ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో అన్నది తేల్చుకోం. ఇంట్లోవాళ్లకూ చెప్పం. ప్రతి పొద్దూ మళ్లీ కొత్తగా నిర్ణయించుకోవాల్సి వస్తుంది. నిద్రమత్తులో చేసే నిర్ణయం ఎటు మొగ్గుతుందో అందరికీ తెలిసిందే.

దీక్షను నడిపేది దేవుడి మీద భక్తి, నడకకు ఆ భక్తి ఎక్కడిది అని ఎవరైనా అడగొచ్చు. మాల వేయించేది భక్తే, సందేహం లేదు. అయితే శబరిమల నుంచి వచ్చి మాల తీశాక ఆ భక్తి ఎక్కడికీ పోదు. దేవుడి పటానికి రోజూ దండం పెట్టుకుంటూనే చాలామంది పాత అలవాట్లకు తిరిగి వెళ్లిపోతారు. భక్తి ఉండగానే నియమం పోయిందంటే, దాన్ని నిలిపి ఉంచిన సంగతి ఇంకొకటి ఉందన్నమాట. ఇందుకు మతంతో పనిలేని రుజువూ ఉంది. 2002లో వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధనలో విద్యార్థులను మూడు జట్లు చేశారు. వ్యాయామంతో గుండెకు కలిగే మేలు గురించి చదివించిన జట్టులో, తర్వాతి వారంలో కనీసం ఒకసారి వ్యాయామం చేసినవాళ్లు 35 శాతం. ఆ సమాచారం ఇవ్వని జట్టులో 38 శాతం. అదే సమాచారంతో పాటు ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాయించిన జట్టులో 91 శాతం. హితబోధ కదిలించలేనివాళ్లను వేళ, చోటు కదిలించాయి. వారం రోజుల ఫలితంతో జీవితకాలానికి హామీ ఇవ్వలేం. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతోంది.

అయితే దీక్షను ఉన్నదున్నట్టు తెచ్చి నడకకు అతికించకూడదు. రెండు చోట్ల దారి మార్చాలి. మొదటిది గడువు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి తేల్చిందేమిటంటే, ఒక పని అప్రయత్నంగా జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పడుతుంది. కొందరికి 18 రోజులు చాలు, కొందరికి 254 రోజులైనా కావాలి. గ్లాసు నీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదురుతాయి, వ్యాయామానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఆ లెక్కన చాలామందికి 41 రోజులంటే అలవాటు పాకాన పడకముందే ఏర్పాటు ఎత్తేసినట్టు. రెండోది భంగం. దీక్షలో తప్పితే దీక్ష పోయినట్టే. నడకకు ఆ కట్టుబాటు పనికిరాదు. ఒక రోజు తప్పినా అలవాటు కుదరడానికి పెద్దగా అడ్డు రాలేదని అదే పరిశోధన గమనించింది. పెళ్లికి పోయి రెండు రోజులు తప్పితే మూడో రోజు అదే వేళకు లేవాలి. మొత్తం చెడిపోయిందని వదిలేయడమే అసలు నష్టం.

ఇంకో అభ్యంతరం భక్తి గురించిన ప్రశ్నకంటే బలమైనది. పొద్దంతా నాటేసి, పత్తి ఏరి వచ్చిన ఆడమనిషికి నడక గురించి చెప్పడం న్యాయమేనా? కాదు. ఆమెకు కావలసింది విశ్రాంతి, కడుపునిండా పప్పు, ఆకుకూర, గుడ్డు. బీపీ ఉంటే రోజూ తప్పకుండా గోలీ. ఆరోగ్య నియమం అందరికీ ఒకటే కానక్కర్లేదు. పొద్దున చాయ్ గ్లాసు పెట్టే అరుగు మీదే గోలీల డబ్బా ఉంచుకోవడం, పల్లె దవాఖానలో నెలనెలా ఒకే రోజున బీపీ చూపించుకోవడం కూడా దీక్షలాంటి ఏర్పాట్లే. ఇక ఇంటి పనిలోనో, కూర్చుని చేసే కొలువులోనో చిక్కుకున్న ఆడవాళ్ల సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్లు మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. మగవాడు మాల వేసుకుంటే ఆ 41 రోజులు చీకటితో లేచి, తలస్నానం చేసి, మడిగా వండి పెట్టేది ఇంటి ఇల్లాలే. ఆ దీక్ష సగం ఆమె చేతుల మీద నడుస్తుంది. ఆమె నడకకు పోతానంటే ఆ అరగంట పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు? ఆ జవాబు ఇంట్లో దొరకనంతకాలం ఆమెకు పట్టుదల లేదనే హక్కు ఎవరికీ లేదు.

చోటుకు కొరత అంతగా లేదు. మహబూబ్‌నగర్ పక్కన అప్పన్నపల్లి అడవిలో 2,087 ఎకరాల ఎకో పార్కు ఉంది. 2022 నుంచి ఊరూరా క్రీడాప్రాంగణాలు పెట్టారు. చోటుకు వేళను, వేళకు మనుషులను జతచేయడమే మిగిలిన పని. ఒక వీధివాళ్లు నలుగురు కలిసి, వారానికి అయిదు రోజులు, రోజుకు 30 నిమిషాలు, ఫలానా మూల దగ్గర ఫలానా వేళకు అని ఖాయం చేసుకుంటే వారానికి 150 నిమిషాలవుతాయి. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస మోతాదు అదే. రాని మనిషి ఇంటి తలుపు తట్టే బాధ్యత ఒకరు తీసుకోవాలి. ఇంట్లో ఆ అరగంట పని ఎవరిదో ముందే తేల్చుకోవాలి. కనీసం మూడు నెలలు ఇలా సాగాక, ఈ ఏర్పాటు ఇంకా కావాలా అన్నది అప్పుడు చూసుకోవచ్చు. ఏటా వేలమంది 41 రోజుల కఠిన నియమాన్ని నిలబెట్టుకునే జిల్లా ఇది. ఆ నేర్పు మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. దాన్ని మన ఒంటికోసం కూడా వాడుకుందాం.