నల్లమల రైలు దారి కథ

అందమైన రైలు ప్రయాణం అనగానే అందరూ అరకు పేరే చెబుతారు. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే ఆ లైనులో 58 సొరంగాలు ఉన్నాయి, చూడాల్సిందే. కానీ అరకు మనకు శానా దూరం. మన ఆదోనిలో రైలెక్కి, గుంతకల్లులో దిగి ఇంకో బండి మారితే చాలు, నల్లమల అడవి మధ్యలోంచి పోయే దారి ఒకటి ఉంది. గుంతకల్లు, డోన్, నంద్యాల, గిద్దలూరు మీదుగా గుంటూరు చేరే లైను అది. అందం ఒక్కటే అయితే ఇంత రాయను. ఆ దారికీ మన తాండాల పెద్దోళ్ల బతుకుకూ సంబంధం ఉంది. ఆ సంగతి మన పాఠాల్లో లేదు.

ముందు మన ఊరి రైలు సంగతి. మద్రాసు రైల్వే కంపెనీ వాళ్లు అరక్కోణం నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా పట్టాలు వేశారు. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన లైను, ఈ లైను రాయచూరులో కలిశాయి. అప్పటినుంచే మద్రాసు, బొంబాయి మధ్య రైలు మన ఆదోని మీదుగా పోతోంది. ఆదోని చుట్టూ గుండురాళ్ల గుట్టలు, కొండ మీద కోట, తర్వాత కోసిగి, ఆ తర్వాత మంత్రాలయం రోడ్డు దాటగానే తుంగభద్ర వంతెన. ఇది కూడా తక్కువ అందమేమీ కాదు, రోజూ చూసి చూసి మనకు విసుగంతే. పత్తి పండే నల్లరేగడి సీమల మీదుగా పోతుంది కాబట్టి ఈ దారిలో పత్తి మూటలు బాగా పోయేవి.

పట్టాలు పడిన ఐదేండ్లకే 1876లో వానలు లేవు. అది ధాత నామ సంవత్సరం, అందుకే దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా పీడించింది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది (మన కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో). బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో నలుగురిలో ఒకరు చొప్పున తగ్గిపోయారంటే చూడండి!

రైలు ఉంది గదా, గింజలు తెచ్చుకోవచ్చు గదా అని మీరు అడగొచ్చు. మద్రాసు రేవు నుంచి ధాన్యం రైలులో వచ్చింది కూడా. కానీ స్టేషన్లో దిగిన మూటలు ఊళ్లకు పోవాలంటే ఎద్దులు కావాలి. గడ్డి లేక ఎద్దులు చచ్చిపోయాయి. బండ్లు కదల్లేదు. గింజల ధర కూలోడికి అందనంత పెరిగింది. పట్టాలకు దూరంగా ఉన్న ఊళ్లు ఎండిపోయాయి. కరువు తర్వాత ప్రభుత్వం వేసిన కరువు కమిషన్ 1880లో తన నివేదిక ఇచ్చింది. రైలు దారులు ఇంకా చాలా వెయ్యాలని అందులో గట్టిగా చెప్పారు. అట్లా కరువును తట్టుకోవడానికి వేసిన లైన్లలో ఒకటి మన నల్లమల లైను. బళ్లారి – కృష్ణా రైల్వే అనేవారు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ దాన్ని నడిపింది. 1880లలో పని జరిగింది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన పూర్తయ్యాక అటు గోవా రేవు నుంచి ఇటు బెజవాడ దాకా ఒకే దారి అయ్యింది.

ఇప్పుడు అసలు ముచ్చట. రైలు రాకముందు ఈ నల్లమలను దాటించి సరుకు మోసింది ఎవరు? మనవాళ్లే! సుగాలీలు, లంబాడీలు. వందల ఎద్దుల వీపుల మీద గోనెలు వేసి, ఉప్పు, ధాన్యం నింపి, దారిలో మేపుకుంటూ, మజిలీలు చేసుకుంటూ పోయేవారు. మన బోలీలో దాన్ని లదేణి అంటారు. లవణం అనే మాట నుంచే లంబాడీ అనే పేరు వచ్చిందని కొందరు పండితులు చెబుతారు. టిప్పు సుల్తాను మీదికి పోయిన ఇంగ్లీషు దండ్లకు కూడా తిండిగింజలు మోసింది బంజారా ఎద్దులే. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు కొండలు దాటి ఇటు రావాలంటే కనుమలే దిక్కు. నల్లమలలో పేరున్న కనుమల్లో నంది కనుమ ఒకటి, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉంటుంది. రైలు ఇంజనీర్లు కూడా ఆ వైపే పోయారు. ఎద్దు ఎక్కగలిగిన చోటే రైలూ ఎక్కగలుగుతుంది మరి.

నిజానికి ఎద్దు కంటే రైలే బలహీనం, ఎక్కుడు విషయంలో. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం జారుతుంది. వంద అడుగులు పోతే ఒక అడుగు పైకి లేచినా రైలుకు అది పెద్ద ఎక్కుడే. అందుకని కొండకు ఎదురు పోకుండా చుట్టూ తిరగాలి, లోయ వస్తే వంతెన కట్టాలి, ఇంకా వీలు కాకపోతే సొరంగం తవ్వాలి. మలుపులు తిప్పడం తేలిక, ఖర్చు తక్కువ అని ఇక్కడ మీటరు గేజి వేశారు. అంటే పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు. మన ఆదోని లైను బ్రాడ్ గేజి, 1676 మిల్లీమీటర్లు. రెండూ గుంతకల్లులో కలిసినా ఒకదాని బండి ఇంకోదాని మీద పోలేదు. సరుకంతా హమాలీలు దించి మళ్లీ ఎక్కించాల్సిందే. వందేండ్ల పైగా ఇదే తంతు.

ప్రయాణం ఎట్లుంటుందంటే, గుంతకల్లు దాటితే మొదట ఎర్రనేలలు. బేతంచెర్ల దగ్గర బండల గనులు, పరుపు పరుపుగా కోసిన రాళ్లు కనిపిస్తాయి. పాణ్యం, నంద్యాల వచ్చేసరికి నల్లరేగడి. గాజులపల్లె దాటాక అడవి మొదలు. టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు. చెలమ అని ఒక చిన్న స్టేషను, చుట్టూ చెట్లే. తర్వాత దిగువమెట్ట, గిద్దలూరు. ఎండాకాలం పోతే ఆకు రాలి అంతా బోడిగా ఉంటుంది, పోయినా దండగ. వానలు పడినాక పోవాలి.

ఈ అడవిలోనే బొగద దగ్గర దొరబావి వంతెన ఉండేది. లోతైన లోయ మీద, ఎత్తైన స్తంభాల మీద మీటరు గేజి బండి పోయేది. 1992లో దేశమంతా ఒకే గేజి చెయ్యాలని రైల్వే వాళ్లు నిర్ణయించారు. ఆ పదేండ్లలోనే ఈ లైను కూడా బ్రాడ్ గేజి అయ్యింది. పెద్ద బండ్ల బరువుకు, పాత మలుపులకు పొత్తు కుదరదు. కొత్త దారి తీసి, కిలోమీటరు దాటిన సొరంగం తవ్వి, దొరబావి దారిని వదిలేశారు. ఇప్పుడు రైల్లో పోయేవాళ్లకు ఆ లోయ బదులు చీకటి కనిపిస్తుంది. నా మాట అడిగితే చూడ్డానికి పాత దారే మేలు, పోవడానికి కొత్త దారి మేలు. గుంతకల్లు హమాలీలకు మాత్రం ఆ దించి ఎక్కించే పని పోయింది.

పని పోవడం అంతకుముందే మనవాళ్లకు జరిగింది. రైలు ఒక్క రోజులో మోసే ఉప్పును లదేణి నెలల తరబడి మోయాలి. ఎవడు కిరాయి ఇస్తాడు? ఎద్దుల బేరం పడిపోయి సుగాలీలు తాండాలు కట్టుకొని సేద్యానికి, కూలికి, కట్టెలు కొట్టడానికి దిగారు. అడవిలోని చెంచులకు ఇంకో విధంగా తగిలింది. మద్రాసు అటవీ చట్టం వచ్చింది 1882లో, సరిగ్గా పట్టాలు పడే కాలంలోనే. వాళ్లు పుట్టి పెరిగిన అడవి రిజర్వు అడవి అయ్యింది. అప్పట్లో రైలు పట్టాల కింద స్లీపర్లు చాలావరకు కలపవే, ఇంజన్లలో కూడా చాలాచోట్ల కట్టెలే కాల్చేవారు. ఆ కలప అడవుల నుంచే రావాలి. రైలు చెడ్డదని నేను అనను. గింజలు కదిలే దారి లేకపోతే ఏమైందో ధాత కరువులో చూశాం. కానీ లాభం ఒకరికి, లెక్క ఇంకొకరి మీద పడిందనేది కూడా నిజమే.

పోవాలనుకునేవాళ్లకు: ఆదోని నుంచి గుంతకల్లు యాభై కిలోమీటర్ల చిల్లర. అక్కడ నంద్యాల, గుంటూరు వైపు పోయే బండి ఎక్కాలి. అమరావతి ఎక్స్‌ప్రెస్ ఆ దారిలోనిదే. ఏ బండి అయితే నల్లమలను పగటిపూట దాటుతుందో స్టేషన్లో అడిగి మరీ ఎక్కండి, లేకపోతే నిద్రలోనే అడవి అయిపోతుంది. కిటికీ దగ్గర కూర్చోండి, చెయ్యి బయట పెట్టొద్దు. ఎమ్మిగనూరు వైపు పిల్లలు ముందు బస్సులో ఆదోనికి రావాలి, వాళ్ల ఊరికి రైలు ఇంకా రాలేదు.